ఆల్ఫా, గామా ఇంటర్‌ఫెరాన్లు రెండూ స్టాట్1నే వాడుకుంటే, కణంలో వేర్వేరు జన్యువులు ఎలా పనిలోకి వస్తాయి?

స్వాతి_ఎమ్మెస్సీ, వరంగల్

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ బయోటెక్ రెండో ఏడాదిలో ఉన్నాను. నెట్ పరీక్ష కోసం ఇమ్యునాలజీ చదువుతుంటే ఒక చోట ఆగిపోయాను.

వైరస్ సోకిన కణాలు ఆల్ఫా, బీటా ఇంటర్‌ఫెరాన్లు, అంటే మిగతా కణాలను హెచ్చరించే ప్రొటీన్లు, వదులుతాయి. వీటిని టైప్ 1 అంటున్నారు. గామాని టీ కణాలు, ఎన్‌కే కణాలు వదులుతాయి, అది టైప్ 2. కణం మీద వీటిని అందుకునే రిసెప్టర్లు కూడా వేరు. ఇంతవరకు బాగానే ఉంది. కణం లోపలికి వచ్చేసరికి రెండు దారుల్లోనూ జాక్1 అనే ఎంజైమ్ ఉంది, రెండు దారుల్లోనూ స్టాట్1 అనే ప్రొటీన్ ఉంది. ఆ స్టాట్1 కేంద్రకంలోకి వెళ్లి జన్యువులను ఆన్ చేస్తుందని రాశారు. వెళ్లేది ఒకే ప్రొటీన్ అయినప్పుడు ఆల్ఫాకి ఎంఎక్స్1 లాంటి వైరస్ నిరోధక జన్యువులు, గామాకి ఎంహెచ్‌సీ క్లాస్ 2 (టీ కణాలకి ప్రొటీన్ ముక్కల్ని చూపించే అణువులు) జన్యువులు ఎందుకు పలుకుతున్నాయి? మా పుస్తకంలో బాణాలు గీసి వదిలేశారు. ఎవరైనా కాస్త విడమరిచి చెప్పండి.

ల్యాబ్‌కోటు, హైదరాబాద్

స్వాతి గారూ, ఆగాల్సిన చోటే ఆగారు. ఆ బాణాల బొమ్మలో కనిపించకుండా పోయేది ఒకటుంది: స్టాట్1 ఎవరితో జత కడుతోంది?

ఆల్ఫా గానీ బీటా గానీ వచ్చి అంటుకోగానే రిసెప్టర్ రెండు భాగాలూ దగ్గరవుతాయి. ఒక భాగం లోపలి తోకని టిక్2, రెండోదాన్ని జాక్1 అంటిపెట్టుకుని ఉంటాయి. ఈ ఎంజైములు ఒకదాన్నొకటి ఉత్తేజపరుచుకుని రిసెప్టర్ తోకకి ఫాస్ఫేట్ తగిలిస్తాయి. అక్కడికి స్టాట్1, స్టాట్2 వచ్చి చేరతాయి, వాటికీ ఫాస్ఫేట్ పడుతుంది. స్టాట్1లో అయితే అది 701వ స్థానంలో ఉన్న టైరోసిన్ మీద. ఇలా ఫాస్ఫేట్ పడ్డ స్టాట్1, స్టాట్2 జతకట్టి ఐఆర్‌ఎఫ్9 అనే మూడో ప్రొటీన్‌ని కలుపుకుంటాయి. ఈ ముగ్గురి గుంపే ఐఎస్‌జీఎఫ్3.

గామా దారిలో టిక్2 లేదు. జాక్1కి తోడుగా జాక్2 ఉంటుంది. అక్కడ ముఖ్యంగా తయారయ్యేది రెండు స్టాట్1ల జంట.

ఇప్పుడు డీఎన్‌ఏ వైపు రండి. ఐఎస్‌జీఎఫ్3 వెతికే వరుస ఐఎస్‌ఆర్‌ఈ. అందులో టీటీటీసీ, ఆ తర్వాత ఏవైనా రెండు అక్షరాలు, మళ్లీ టీటీటీసీ ఉంటాయి. దీన్ని పోల్చుకోవడంలో ఐఆర్‌ఎఫ్9దే పెద్ద పాత్ర. స్టాట్1 జంట వెతికే వరుస గ్యాస్. అందులో టీటీసీ, ఏవైనా మూడు అక్షరాలు, చివర జీఏఏ. ఎంఎక్స్1, ఓఏఎస్1, ఐఎఫ్‌ఐటీ1 జన్యువుల ముందు ఐఎస్‌ఆర్‌ఈలు ఉన్నాయి. ఐఆర్‌ఎఫ్1 జన్యువు ముందు గ్యాస్ ఉంది. ఏ జన్యువు ఎవరి మాట వింటుందన్నది ముందుగా ఆ వరుసల్లోనే రాసి ఉంటుంది.

అలాగని రెండూ పూర్తిగా విడివిడి దారులు కావు. ఆల్ఫా కూడా కొన్ని స్టాట్1 జంటలను తయారు చేస్తుంది. అందుకే రెండు జాబితాల్లోనూ కనిపించే జన్యువులు బోలెడు. పరీక్షలో అసర్షన్-రీజన్ ప్రశ్న వస్తే ఇక్కడే పట్టుకుంటారు.

తెనాలి_మాస్టారు

రిటైరైన సైన్సు టీచర్ని. ల్యాబ్‌కోటు గారూ, మీరు చెప్పింది అర్థమైంది గానీ నాకో సందేహం. కణం లోపల ఇన్ని ప్రొటీన్లు తిరుగుతుంటే, ఆల్ఫా దారికి టిక్2 కావాలి, గామా దారికి జాక్2 కావాలి అని ఎలా తేల్చారు? ఎవరో చూసి చెప్పగలిగేది కాదు కదా. పిల్లలకి పాఠం చెప్పినన్నాళ్లూ, ఒక సంగతి చెబితే అది ఎలా తెలిసిందో కూడా చెప్పేవాణ్ణి. అందుకే అడుగుతున్నాను.

రవి_న్యూజెర్సీ

మాస్టారూ, మీ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే నాకు చాలా ఇష్టమైన ప్రయోగం చెప్పాలి. ఇంత తెలివైన ప్రయోగం జన్యుశాస్త్రంలో అరుదు.

లండన్‌లో జార్జ్ స్టార్క్, ఇయాన్ కెర్ వాళ్ల బృందాలు, అందులో సాండ్రా పెల్లెగ్రిని, 1980ల చివర్లో ఒక మానవ కణ వర్గాన్ని తయారు చేసుకున్నారు. ఇంటర్‌ఫెరాన్‌కి స్పందించే ఒక ప్రమోటర్ (జన్యువుని ఆన్ చేసే డీఎన్‌ఏ భాగం) వెనక జీపీటీ అనే బాక్టీరియా జన్యువుని అతికించి ఆ కణాల్లో పెట్టారు. ఆల్ఫా తగిలితే కణం జీపీటీ ఎంజైమ్ తయారు చేస్తుంది. అప్పుడు 6-థయోగ్వానీన్ అనే మందు వేస్తే, ఆ ఎంజైమ్ దాన్ని విషంగా మార్చి కణాన్ని చంపేస్తుంది.

ముందు ఆ కణాల్లో రసాయనంతో ఎక్కడపడితే అక్కడ మ్యుటేషన్లు తెప్పించారు. ఆ తర్వాత ఆల్ఫా, థయోగ్వానీన్ కలిపి వేశారు. ఇంటర్‌ఫెరాన్ మాట విన్న కణాలన్నీ చచ్చాయి. బతికి మిగిలినవి మాట వినలేని కణాలు, అంటే దారిలో ఎక్కడో ఒక మెట్టు విరిగినవి. వాటిని వర్గాలుగా విడదీసి, ఒక్కొక్క దానిలో ఏ జన్యువు తిరిగి పెడితే స్పందన వస్తుందో చూసుకుంటూ పోయారు.

యూ1 అనే వర్గంలో టిక్2 లేదు. ఆల్ఫాకి స్పందన పోయింది, గామాకి మాత్రం ఉంది. యూ2లో ఐఆర్‌ఎఫ్9 లేదు. యూ3లో స్టాట్1 లేదు, అందులో ఆల్ఫా, గామా రెండూ పోయాయి. యూ4లో జాక్1 లేదు, అక్కడా రెండూ పోయాయి. యూ6లో స్టాట్2 లేదు. జాక్2 లేని కణాలను గామా వైపు నుంచి ఇలాగే పట్టుకున్నారు. స్వాతి గారు పరీక్ష కోసం బట్టీ పట్టాలనుకుంటున్న బొమ్మ మొత్తం ఈ విరిగిన కణాలు చెప్పిందే.

ఇదే సమయంలో న్యూయార్క్‌లో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ డార్నెల్ బృందం మరో వైపు నుంచి వచ్చింది. ల్యాబ్‌లో పెంచే హీలా అనే మానవ కణాల రసం నుంచి ఐఎస్‌జీఎఫ్3ని శుద్ధి చేసి, 1992లో దాని ప్రొటీన్ల జన్యువులను బయటపెట్టారు. ఒకరు రసాయనం పట్టుకుని, ఇంకొకరు జన్యువులు పట్టుకుని బయలుదేరి ఒకే చోట కలిశారు. నిజానికి అప్పటికి ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థం ఉందని తెలిసి 35 ఏళ్లు. ఐజాక్స్, లిండెన్‌మన్ 1957లో లండన్ మిల్ హిల్‌లో, వేడితో చంపిన ఫ్లూ వైరస్‌ని కోడిగుడ్డు పొరల మీద వేసి కనిపెట్టారు. జపాన్‌లో నగానో, కొజిమా 1954లోనే ఇలాంటి పదార్థాన్ని గమనించారు. వాళ్లకి రావాల్సినంత పేరు రాలేదని నాకు ఎప్పుడూ బాధగా ఉంటుంది.

తెనాలి_మాస్టారు

అద్భుతం నాయనా. చచ్చిన వాటిని వదిలేసి బతికిన వాటిని అడిగారన్న మాట. ఇంకో నాలుగేళ్లు ఉద్యోగం ఉంటే క్లాసులో చెప్పేవాణ్ణి.

సరళ_కరీంనగర్

క్షమించండి, నాకు సైన్సు పెద్దగా తెలియదు. గామా ఇంటర్‌ఫెరాన్ అని వెతుకుతుంటే ఈ చర్చ దొరికింది. మా అమ్మకి రుమటాయిడ్ ఆర్థరైటిస్. మెథోట్రెక్సేట్, కొద్దిగా స్టెరాయిడ్ వాడుతున్నా వేళ్ల వాపులు తగ్గలేదు. డాక్టర్ గారు టోఫాసిటినిబ్ మొదలు పెడదామన్నారు, ముందు టీబీ కోసం ఇగ్రా అనే రక్త పరీక్ష చేయించమన్నారు. రిపోర్టులో "గామా ఇంటర్‌ఫెరాన్" అని ఏవో అంకెలు వేసి చివర "ఇండిటర్మినేట్" అని రాశారు. ల్యాబ్‌లో అడిగితే "టీబీ ఉన్నట్టే అనుకోండి" అని ఒకాయన, "లేనట్టే" అని ఇంకొకాయన చెప్పారు. అమ్మ అప్పటి నుంచి టెన్షన్‌తో అన్నం సరిగ్గా తినడం లేదు. కీళ్ల మందుకి టీబీ టెస్టు ఎందుకు?

పల్మో_గుంటూరు

సరళ గారూ, ముందు అమ్మగారికి చెప్పండి: ఇండిటర్మినేట్ అంటే టీబీ ఉందనీ కాదు, లేదనీ కాదు. ఆ రోజు ఆ రక్తంతో టెస్టు ఏమీ చెప్పలేకపోయిందని అర్థం.

ఆ టెస్టు ఎలా జరుగుతుందో చెబితే మీకే స్పష్టమవుతుంది. మన దగ్గర ఎక్కువగా చేసే రకంలో నాలుగు ట్యూబులు ఉంటాయి, ఒక్కొక్క దానిలో 1 మి.లీ. రక్తం. బూడిద రంగు మూత ట్యూబులో ఏమీ ఉండదు. ఆకుపచ్చ, పసుపు మూతల వాటి లోపలి గోడలకి టీబీ బాక్టీరియా ప్రొటీన్ ముక్కలు పూసి ఉంటాయి. ఊదా రంగు మూత దానిలో ఏ టీ కణాన్నైనా రెచ్చగొట్టే పదార్థం ఉంటుంది. రక్తం తీశాక ట్యూబుల్ని బాగా ఆడించి, 37 డిగ్రీల దగ్గర 16 నుంచి 24 గంటలు ఉంచుతారు. తర్వాత పైన తేలిన ప్లాస్మాలో గామా ఇంటర్‌ఫెరాన్ ఎంత వచ్చిందో కొలుస్తారు. టీబీని ఎప్పుడో చూసిన టీ కణాలు ఉంటే ఆ ముక్కల్ని గుర్తుపట్టి గామా వదులుతాయి. బూడిద ట్యూబు విలువ తీసేశాక 0.35 యూనిట్లు దాటితే సాధారణంగా పాజిటివ్. చిన్నప్పటి బీసీజీ టీకా వల్ల ఇది పాజిటివ్ రాదు, ఎందుకంటే ఆ ముక్కలు బీసీజీలో లేని ప్రొటీన్ల నుంచి తీసుకున్నవి.

ఊదా ట్యూబులో గామా రాకపోతే ఇండిటర్మినేట్ వస్తుంది. రెచ్చగొట్టినా టీ కణాలు పలకలేదంటే, టీబీ ట్యూబుల్లో రాలేదన్న దానికి విలువ లేదు. స్టెరాయిడ్లు వాడేవాళ్లలో, లింఫోసైట్లు తక్కువున్న వాళ్లలో ఇలా వస్తుంది. రక్తం తీశాక ఇంక్యుబేటర్‌లో పెట్టడం ఆలస్యమైనా వస్తుంది. మీ రిపోర్టులో ఊదా ట్యూబు, అంటే "మైటోజెన్" అని రాసిన దగ్గర అంకె చూసి చెప్పండి. సాధారణంగా టెస్టు మళ్లీ చేయిస్తాం, ఛాతీ ఎక్స్‌రే తీయిస్తాం, ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా అని అడుగుతాం.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఈ టెస్టు ఇప్పుడు టీబీ జబ్బు ఉందా లేదా అని చెప్పేది కాదు. నిద్రాణంగా ఉన్న ఇన్‌ఫెక్షన్‌ని, జబ్బుని ఇది విడదీయలేదు. మనలాంటి దేశాల్లో దీంతో జబ్బుని నిర్ధారించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే చెప్పింది. అయినా దగ్గు ఉందనగానే కళ్లె పరీక్ష వదిలేసి ఇది రాసే చోట్లు ఉన్నాయి. ఆ రిపోర్టు పట్టుకుని అనవసరంగా ఆరు నెలలు మందులు మింగినవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు.

ల్యాబ్‌కోటు, హైదరాబాద్

కీళ్ల మందుకి టీబీ టెస్టు ఎందుకన్న ప్రశ్నకి జవాబు పైన స్వాతి గారి ప్రశ్నలోనే ఉంది. టోఫాసిటినిబ్ జాక్ ఎంజైములను అడ్డుకునే మందు. జాక్3తో పాటు జాక్1ని కూడా బాగా అడ్డుకుంటుంది. యూ4 కణాలు గుర్తున్నాయి కదా, జాక్1 లేకపోతే ఆల్ఫా, గామా రెండూ పనిచేయవు. మందు అంత పూర్తిగా ఆపదు గానీ అదే చోట చెయ్యి వేస్తుంది. కీళ్ల వాపుని నడిపే ఐఎల్-6 లాంటి సంకేతాలు కూడా జాక్1 మీదుగానే పోతాయి కాబట్టి వాపు తగ్గుతుంది.

మాక్రోఫేజ్‌లో, అంటే క్రిముల్ని మింగే కణంలో, నక్కి ఉన్న టీబీ బాక్టీరియాని అదుపులో పెట్టేది చాలావరకు గామానే. గామా తగ్గితే, ఏళ్ల తరబడి నిద్రపోతున్నది లేచే ప్రమాదం ఉంది. ఈ మందులతో హెర్పిస్ జోస్టర్, అంటే సర్పి, ఎక్కువగా రావడం కూడా తెలిసిందే. కాబట్టి మీ డాక్టర్ గారు సరైన పనే చేశారు.

మోడరేటర్

సరళ గారూ, మందు మొదలు పెట్టడం, ఆపడం మీ డాక్టర్ గారితో మాట్లాడే చేయండి. సభ్యులు మోతాదులు రాయవద్దు.

స్వాతి_ఎమ్మెస్సీ, వరంగల్

సరళ గారి అమ్మగారు త్వరగా కోలుకోవాలి. ల్యాబ్‌కోటు గారూ, రవి గారూ, మీరు చెప్పింది చదివాక ఇంకో చిక్కు వచ్చింది. ఎంహెచ్‌సీ క్లాస్ 2 జన్యువుల ముందు గ్యాస్ వరుస ఉంటుందనుకుని వెతికాను. పుస్తకాల్లో అక్కడ ఎక్స్, వై పెట్టెలని రాశారే గానీ గ్యాస్ ఊసు లేదు. మరి గామా వాటిని ఎలా ఆన్ చేస్తోంది?

రవి_న్యూజెర్సీ

నేరుగా చేయదు, మధ్యవర్తిని పెట్టుకుంటుంది. గామాలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

స్టాట్1 జంట ముందుగా ఐఆర్‌ఎఫ్1 జన్యువుని ఆన్ చేస్తుంది. ఐఆర్‌ఎఫ్1 ప్రొటీన్ తయారై కేంద్రకంలోకి తిరిగి వస్తుంది. అప్పుడు స్టాట్1, ఐఆర్‌ఎఫ్1 కలిసి సీఐఐటీఏ అనే జన్యువుకున్న ఒక ప్రత్యేక ప్రమోటర్ మీద కూర్చుంటాయి. సీఐఐటీఏ ప్రొటీన్ తయారవుతుంది. ఇది డీఎన్‌ఏని తాను అంటుకోదు. క్లాస్ 2 జన్యువుల ఎక్స్, వై పెట్టెల మీద అప్పటికే కూర్చుని ఉన్న ఆర్‌ఎఫ్‌ఎక్స్, ఎన్ఎఫ్-వై ప్రొటీన్ల మీద వాలుతుంది. అది వాలితేనే ఆ జన్యువులు పలుకుతాయి. అందుకే ఐఆర్‌ఎఫ్1 సందేశం గంటలోపే కనిపిస్తే, కణం ఉపరితలం మీద క్లాస్ 2 బాగా కనిపించడానికి దాదాపు రోజు పడుతుంది.

సీఐఐటీఏ దొరికింది కూడా జబ్బు వల్లే. కొందరు పిల్లలు పుట్టుకతోనే కణాల మీద క్లాస్ 2 లేకుండా, ఒకదాని తర్వాత ఒకటి ఇన్‌ఫెక్షన్లతో బాధపడేవాళ్లు. వాళ్ల క్లాస్ 2 జన్యువులు చక్కగానే ఉన్నాయి. పాడైంది వాటిని పలికించే ఈ ప్రొటీన్ అని 1993లో తేలింది.

క్లాస్ 1 వైపు ఇదే పని ఎన్ఎల్ఆర్‌సీ5 చేస్తుంది. గామా అక్కడితో ఆగదు. ప్రొటీన్లను ముక్కలు చేసే ప్రోటియాజోమ్‌లో మూడు భాగాలను మార్చి కొత్త రకం పెడుతుంది, ఆ ముక్కల్ని మోసే ట్యాప్1ని పెంచుతుంది. ముక్కలు చేయడం, మోయడం, పైకి చూపించడం, మూడు పనుల జన్యువులూ ఒకే సంకేతంతో కదులుతాయి. కణం తన లోపల ఏముందో టీ కణాలకి పూర్తిగా తెరిచి చూపిస్తుంది.

తెనాలి_మాస్టారు

ఇదంతా వింటుంటే ఒక ప్రశ్న వస్తోంది. ఇంత మేలు చేసే పదార్థం ఒంట్లో ఎప్పుడూ ఎక్కువగా ఉంటే ఇంకా మంచిది కదా? ఇమ్యూనిటీ పెంచుకోండి, ఇమ్యూనిటీ పెంచుకోండి అని ఫోన్లో రోజూ వీడియోలు వస్తున్నాయి.

ల్యాబ్‌కోటు, హైదరాబాద్

మాస్టారూ, ఇక్కడ నేను కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే జనం నష్టపోతున్నది ఈ అపోహ వల్లే.

ఇంటర్‌ఫెరాన్ ఆన్ చేసే మొదటి జన్యువుల్లోనే దాన్ని ఆపేవి కూడా ఉంటాయి. సాక్స్1 అనే ప్రొటీన్ జాక్ ఎంజైములను పట్టుకుని ఆపుతుంది. యూఎస్‌పీ18 అనేది టైప్ 1 రిసెప్టర్ రెండో భాగానికి అంటుకుని సంకేతాన్ని కట్ చేస్తుంది. కణాలకి గామా వేసి అరగంటకి బ్లాట్ (ప్రొటీన్లను గీతలుగా చూపించే పరీక్ష) తీస్తే 701 ఫాస్ఫేట్ ఉన్న స్టాట్1 నల్లగా, దగ్గర దగ్గరగా రెండు గీతలుగా కనిపిస్తుంది. పైది 91 కిలోడాల్టన్ల స్టాట్1-ఆల్ఫా రూపం, కిందది 84 ఉన్న స్టాట్1-బీటా రూపం. కొన్ని గంటల తర్వాత తీసిన నమూనాలో ఆ గీతలు బాగా పలచబడతాయి. ఇంటర్‌ఫెరాన్ ఇంకా డిష్‌లోనే ఉంటుంది, కణమే వినడం తగ్గించేస్తుంది.

ఈ బ్రేకులు లేకపోతే ఏమవుతుందో ఎలుకల్లో చూశారు. సాక్స్1 జన్యువు తీసేసిన ఎలుక పిల్లలు మూడు వారాలు తిరక్కుండా చనిపోయాయి. గామా జన్యువు కూడా తీసేస్తే బతికాయి. అంటే వాటిని చంపింది ఏ క్రిమీ కాదు, ఆగని గామానే. మనుషుల్లో యూఎస్‌పీ18 లేని పిల్లలకి, గర్భంలో ఇన్‌ఫెక్షన్ సోకిందేమో అనిపించేలా మెదడు దెబ్బతింటుంది. వెతికితే క్రిమి ఉండదు. ఐకార్డి-గౌటియేర్ సిండ్రోమ్‌లోనూ అంతే. తన సొంత డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ ముక్కల్నే వైరస్ అనుకుని కణం టైప్ 1 వదులుతూ పోతుంది.

లూపస్ పేరు చాలామంది వినే ఉంటారు. ఆ రోగుల రక్తకణాల్లో ఇంటర్‌ఫెరాన్ జన్యువులు ఒక్కసారిగా పెరిగి ఉండటం 2003లో బయటపడింది. టైప్ 1 రిసెప్టర్‌ని మూసేసే అనిఫ్రోలుమాబ్ అనే మందుకి 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ జబ్బులో ఇంటర్‌ఫెరాన్‌ని తగ్గించడమే వైద్యం. కాబట్టి ఆ వీడియోల్లో చెప్పే "పెంచుకోవడం" అనే ఆలోచనే తప్పు. ఇంటర్‌ఫెరాన్ వేళకి రావాలి, వేళకి పోవాలి.

రాజు_శ్రీకాకుళం

మా బాబాయికి హెపటైటిస్ సి వచ్చినప్పుడు వారానికోసారి పెగ్ ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్, రోజూ రిబావిరిన్ బిళ్లలు వాడారు. ఇంజెక్షన్ పడ్డ రాత్రల్లా చలిజ్వరం. కొన్నాళ్లకి ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, ఊరికే ఏడ్చేవాడు. ఇల్లంతా ఆయన మనసు పాడైందనుకున్నాం. అంతా భరించి కోర్సు పూర్తి చేస్తే వైరస్ పోలేదు. తర్వాత కొత్త బిళ్లలతో నయమైంది. ఇంటర్‌ఫెరాన్ వైరస్‌ని ఆపేదే అయితే ఆయన మీద ఎందుకు పనిచేయలేదు?

రవి_న్యూజెర్సీ

రాజు గారూ, మీ బాబాయి గారు పడ్డది మామూలు కష్టం కాదు. చలిజ్వరం, దిగులు రెండూ ఇంటర్‌ఫెరాన్ చేసేవే. మామూలు ఫ్లూ జ్వరంలో ఒళ్లు నొప్పులు, నీరసం చాలావరకు వైరస్ చేసేవి కావు, మన సొంత ఇంటర్‌ఫెరాన్, దాని తోటి సైటోకైన్లు (కణాల మధ్య సంకేత ప్రొటీన్లు) చేసేవే. అదే నెలల తరబడి సాగితే మనిషి కుంగిపోతాడు. అది ఆయన బలహీనత కాదని ఇంట్లో అందరికీ చెప్పండి.

ఎందుకు పనిచేయలేదన్నది మాత్రం ఈ చర్చకి సరిగ్గా సరిపోయే విషయం. చికిత్సకి ముందు కాలేయం ముక్క తీసి చూసిన అధ్యయనాల్లో ఒక వింత కనిపించింది. ఎవరి కాలేయంలో ఇంటర్‌ఫెరాన్ జన్యువులు అప్పటికే గట్టిగా పలుకుతున్నాయో, ఎక్కువగా వాళ్లకే ఇంజెక్షన్ పనిచేయలేదు. వాళ్ల కణాలు ఏళ్లుగా ఆన్‌లో ఉండి, పైన ల్యాబ్‌కోటు గారు చెప్పిన యూఎస్‌పీ18 లాంటి బ్రేకుల్ని కూడా గట్టిగా వేసుకుని ఉన్నాయి. బయట నుంచి ఇంకా ఎంత పోసినా కొత్తగా పలికేది లేదు. ఎవరికి నయమవుతుందన్న దానిలో లాంబ్డా అనే మరో రకం ఇంటర్‌ఫెరాన్ జన్యువు పక్కన ఉన్న ఒక్క అక్షరం తేడా పెద్ద పాత్ర పోషిస్తుందని 2009లో తేలింది. వైరస్ ఎంజైముని నేరుగా కొట్టే సోఫోస్బువిర్ లాంటి బిళ్లలు వచ్చాక ఇంజెక్షన్ల అవసరం దాదాపు పోయింది.

అయినా ఆ ఇంజెక్షన్‌ని తక్కువ చేయకండి. వేరే దారి లేని రోజుల్లో చాలామందిని కాపాడింది. మన హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ కూడా ఆల్ఫా-2బీని తయారు చేసి షాన్‌ఫెరాన్ పేరుతో అమ్మింది.

నీలిమ_విశాఖ

కోవిడ్ అప్పుడు విరాఫిన్ అని ఒకటి వచ్చింది కదా, అది ఇదే కదండీ?

పల్మో_గుంటూరు

అవునండీ, పెగ్ ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా-2బీ. 2021 ఏప్రిల్‌లో అత్యవసర అనుమతి ఇచ్చారు. రెండో వేవ్‌లో మా దగ్గర దాని కోసం జనం ఎంత తిరిగారో నాకు తెలుసు. కానీ అంతకు ముందే ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపిన పెద్ద ట్రయల్‌లో, ఆసుపత్రిలో చేరిన వాళ్లకి బీటా ఇంటర్‌ఫెరాన్ ఇచ్చినా మరణాలు తగ్గలేదు. ఆసుపత్రికి వచ్చేసరికి వైరస్ దశ దాటి వాపు దశ నడుస్తుంటుంది. అప్పుడు ఈ జన్యువుల్ని ఇంకా లేపి లాభం తక్కువ. లక్షణాలు మొదలైన వారంలోపే పెగ్ లాంబ్డా ఒక్క డోసు ఇచ్చిన ట్రయల్‌లో మాత్రం ఆసుపత్రి పాలయ్యేవాళ్లు 5.6 శాతం నుంచి 2.7 శాతానికి తగ్గారు. అది 2023లో వచ్చింది. లాంబ్డా రిసెప్టర్ ముఖ్యంగా ఊపిరితిత్తుల, పేగుల లోపలి పొర కణాల మీద ఉంటుంది కాబట్టి ఒళ్లంతా కుదిపేయదు.

ఇంకో సంగతి నన్ను కదిలించింది. 2020లో వచ్చిన అధ్యయనంలో, ప్రాణాపాయ స్థితికి చేరిన 987 మంది కోవిడ్ రోగుల్లో 101 మందికి తమ టైప్ 1 ఇంటర్‌ఫెరాన్‌ని తామే నిర్వీర్యం చేసే యాంటీబాడీలు ఉన్నాయి. స్వల్ప లక్షణాలతోనో, అవీ లేకుండానో బయటపడ్డ 663 మందిలో ఒక్కరికీ లేవు. ఆ 101 మందిలో 95 మంది మగవాళ్లు. ఏ జబ్బూ లేని మనిషి అంత త్వరగా ఎందుకు పోయాడని అడిగిన కుటుంబాలకి ఆ రోజుల్లో నా దగ్గర జవాబు లేదు. కొందరి విషయంలో ఇదీ ఒక కారణం అయి ఉండొచ్చు.

ల్యాబ్‌కోటు, హైదరాబాద్

వైరస్‌లు కూడా ఈ దారినే కొడతాయి. డెంగీ వైరస్ ఎన్‌ఎస్5 అనే ప్రొటీన్‌తో మనిషి స్టాట్2ని ముక్కలు చేయిస్తుంది. ఎలుక స్టాట్2ని అలా చేయలేదు, మామూలు ఎలుకకి డెంగీ సరిగ్గా అంటకపోవడానికి అదొక కారణం. ఎబోలా వీపీ24 స్టాట్1ని కేంద్రకంలోకి పోనివ్వదు. కోవిడ్ వైరస్ ఓఆర్‌ఎఫ్6 కూడా కేంద్రకం ద్వారం దగ్గరే అడ్డుపడుతుంది.

పల్మో_గుంటూరు

అందరూ టైప్ 1 గొప్పతనం చెబుతున్నారు గానీ టీబీ వార్డులో నా అనుభవం వేరు. జబ్బు ముదిరిన కొద్దీ రక్తంలో టైప్ 1 జన్యువులు పెరుగుతాయి. 2010లో లండన్ రోగుల మీద వచ్చిన పేపర్‌లో 393 జన్యు సందేశాల గుర్తు చూపించారు. అందులో ప్రధానంగా ఉన్నవి ఇంటర్‌ఫెరాన్‌కి స్పందించేవే, అవీ న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాల్లో. మందులు వాడుతుంటే ఆ గుర్తు తగ్గుతూ పోయింది. నా ఉద్దేశంలో టీబీకి గామా మిత్రుడు, టైప్ 1 శత్రువు.

ల్యాబ్‌కోటు, హైదరాబాద్

డాక్టర్ గారూ, మొదటి సగంతో ఒప్పుకుంటాను, రెండో సగంతో కాదు. గామా రిసెప్టర్ లోపంతో పుట్టిన పిల్లలకి బీసీజీ టీకాయే ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి వస్తుందని 1996 నుంచి తెలుసు. గామా లేకపోతే టీబీ జాతి బాక్టీరియాని ఆపేవాడు లేడు. టైప్ 1 సంగతి అంత తేలిక కాదు. కొద్దిగా, కొద్దికాలం ఉంటే మేలు చేసిన ప్రయోగాలూ ఉన్నాయి. ఆగకుండా సాగినప్పుడే కీడు.

దీనికి కుష్ఠు మచ్చలు బాగా దారి చూపించాయి. 2013లో వచ్చిన పరిశోధనలో, జబ్బు కొద్దిగా ఉండి అదుపులో ఉన్న మచ్చల్లో గామా జన్యువులు, బాక్టీరియా విపరీతంగా పెరిగిన మచ్చల్లో బీటా జన్యువులు ఎక్కువగా కనిపించాయి. బీటా ఐఎల్-10 అనే, రోగనిరోధక స్పందనని తగ్గించే సంకేతాన్ని పెంచుతుంది. గామా మాక్రోఫేజ్‌లో విటమిన్ డి దారిని వాడుకుని బాక్టీరియాని చంపే పెప్టైడ్లు తయారు చేయిస్తుంటే, ఈ ఐఎల్-10 దాన్ని ఆపేస్తుంది. స్వాతి గారి మొదటి ప్రశ్నకి ఇది రోగి చర్మం మీద కనిపించే రూపం. రెండూ స్టాట్1నే లేపుతున్నాయి, కానీ ఒకదాని జన్యువులు ఇంకొకదాని జన్యువుల్ని అణుస్తున్నాయి.

పల్మో_గుంటూరు

ఎంతకాలం అన్నదే ముఖ్యమంటే ఒప్పుకుంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్లంతా నెలల తరబడి దగ్గి వచ్చినవాళ్లే కాబట్టి నాకు కీడు వైపే కనిపిస్తుంది.

సరళ_కరీంనగర్

డాక్టర్ గారూ, మీరు చెప్పినట్టే మైటోజెన్ దగ్గర చూస్తే 0.2 ఉంది. మా డాక్టర్ గారు టెస్టు మళ్లీ చేయించారు, ఈసారి నేరుగా ఇంక్యుబేటర్ ఉన్న ల్యాబ్‌కే వెళ్లాం. మైటోజెన్ బాగా వచ్చింది, టీబీ ట్యూబులు పాజిటివ్ వచ్చాయి. ఎక్స్‌రే క్లియర్‌గా ఉంది, దగ్గు, జ్వరం ఏమీ లేవు. టీబీ రాకుండా ముందుజాగ్రత్త కోర్సు మొదలు పెట్టి, నెల తర్వాత కీళ్ల మందు చూద్దామన్నారు. అమ్మ అన్నం తింటోంది.

పల్మో_గుంటూరు

చాలా మంచి మాట చెప్పారు. సరైన పద్ధతి అదే. ముందుజాగ్రత్త కోర్సులో రిఫాంపిసిన్ జాతి మందు ఉంటే అది టోఫాసిటినిబ్‌ని ఒంట్లోంచి త్వరగా పోగొడుతుంది. ఇద్దరు డాక్టర్లకీ రెండు చీటీలూ చూపించండి. కళ్లు పచ్చబడినా, అన్నం సహించకపోయినా వెంటనే వెళ్లండి.

స్వాతి_ఎమ్మెస్సీ, వరంగల్

చివరిగా ఒకటి. మా ప్రాజెక్టులో ఊపిరితిత్తుల కణ వర్గానికి పాలీ ఐసీ (వైరస్ ఆర్‌ఎన్‌ఏలా కనిపించే పదార్థం) వేసి ఆరు గంటలకి ఆర్‌ఎన్‌ఏ తీశాం. సీఎక్స్‌సీఎల్10, ఐఎఫ్‌ఐటీ1 విపరీతంగా పెరిగాయి. కాబట్టి టైప్ 1 ఇంటర్‌ఫెరాన్ పనిచేసిందని రాయొచ్చా?

ల్యాబ్‌కోటు, హైదరాబాద్

ఇప్పుడే రాయకండి. సీఎక్స్‌సీఎల్10 గామాకీ వస్తుంది, టైప్ 1కీ వస్తుంది, ఎన్ఎఫ్-కప్పాబీ అనే మరో ప్రొటీన్‌కీ వస్తుంది. ఐఎఫ్‌ఐటీ1ని ఐఆర్‌ఎఫ్3 అనే ప్రొటీన్ నేరుగా ఆన్ చేయగలదు. పాలీ ఐసీ లేపేది ఆ ఐఆర్‌ఎఫ్3నే. అంటే మధ్యలో ఇంటర్‌ఫెరాన్ లేకుండానే మీకు ఈ ఫలితం రావచ్చు.

జాక్‌లను అడ్డుకునే రుక్సోలిటినిబ్ దొరికితే పాలీ ఐసీకి ముందు వేసి మళ్లీ చేయండి. జాక్‌ల మీదుగా వచ్చినదంతా పడిపోతుంది, నేరుగా వచ్చినది మిగులుతుంది. టైప్ 1 రిసెప్టర్‌ని మూసే యాంటీబాడీ దొరికితే ఇంకా మంచిది, లాంబ్డా వాటా ఎంతో కూడా తెలుస్తుంది. మీవి ఊపిరితిత్తుల కణాలు కాబట్టి లాంబ్డాని మరిచిపోకూడదు. జాబితాలో ఎంఎక్స్1ని చేర్చండి, గామా లేదని చూపించడానికి సీఐఐటీఏని కూడా. ఒక్క ఆరు గంటల దగ్గరే కాకుండా రెండు, ఆరు, ఇరవైనాలుగు గంటల నమూనాలు తీయండి. రెండు గంటలకే ఐఎఫ్‌ఐటీ1 పెరిగి ఎంఎక్స్1 ఇంకా కదలకపోతే, ఆ ఐఎఫ్‌ఐటీ1 ఎక్కువగా ఐఆర్‌ఎఫ్3దే.

స్వాతి_ఎమ్మెస్సీ, వరంగల్

మా ల్యాబ్‌లో యాంటీబాడీ లేదు, రుక్సోలిటినిబ్ పక్క డిపార్ట్‌మెంట్‌లో ఉందట. మేడమ్‌ని అడిగి సోమవారం మూడు సమయాలకీ ప్లేట్లు వేస్తాను. మందు లేకుండా దాన్ని కరిగించే డీఎంఎస్‌ఓ మాత్రమే వేసిన కంట్రోల్ కూడా పెడతాను. డేటా రాగానే ఇక్కడే పెడతాను.